విత్తనం దాచుకున్నాం సరే, దాని ముచ్చట దాచుకున్నామా?



నేనుండేది హైదరాబాద్ చంపాపేట్‌లో. ఇప్పుడిక్కడ ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లే. ఒకప్పుడు ఇది ఊరు. పాత ఇళ్లల్లో మోట కొట్టినవాళ్లు, నాట్లేసినవాళ్లు ఇంకా కొందరున్నారు. ఏ అపార్ట్‌మెంట్ కింద ఎవరి బావి పూడిందో చెప్తారు. కానీ అడిగేవాళ్లు లేరు. ఇక్కడ భూమే పోయింది, ఇంకెందుకులే అనుకుంటాం. ఇబ్రహీంపట్నం, యాచారం వైపు ఇంకా సేద్యం చేస్తున్నవాళ్లకు ఆ మాటలు అక్కరకొస్తాయి కదా!

జీవామృతం ఎలా కలపాలో మనం వందల వీడియోలు తీశాం. మంచిదే. కానీ ఊరి పెద్దల పక్కన కూర్చుని తీసినవి ఎన్ని? నా ఉద్దేశంలో ఇప్పుడు మనం ముందు చేయాల్సిన పని అదే. జీవామృతం వీడియో వచ్చే ఏడాదైనా తీయొచ్చు. ఎనభై ఏళ్ల అవ్వ వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో!

దేశీ విత్తనం డబ్బాలో పోసి దాచొచ్చు. కానీ అది ఏ కార్తెలో వేయాలి, చెల్కలోనా రేగడిలోనా, పక్కన ఏ సాలు పెట్టాలి, పురుగు పట్టకుండా బూడిదలో కలపాలా వేపాకు వేయాలా, గటక కాచాలా రొట్టె చేయాలా? ఇదంతా డబ్బాలో ఉండదు, మనిషి నోట్లో ఉంటుంది. ఆ మాట పోతే మిగిలేది గింజ ఒక్కటే.

జహీరాబాద్ ప్రాంతం చూడండి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఎవరో వచ్చి రాసుకుంటారని ఎదురుచూడలేదు. బడికి పోని దళిత మహిళలు కెమెరా పట్టారు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. పాటలు, సామెతలు, పంటల ముచ్చట్లు అన్నీ వాళ్ల యాసలోనే. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. జ్ఞాపకాన్ని బీరువాలో పెట్టకుండా పొలంలో వాడటమే వాళ్ల గొప్పతనం.

చట్టం కూడా మనవైపే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ఊరివాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మొక్కల పేర్లు నింపేస్తే రిజిస్టర్ అయిపోదు. మీ పంచాయతీలో అడిగి చూడండి, ఏం రాశారో చదవండి.

కొందరంటారు, "ముసలోళ్ల ముచ్చట్లతో దిగుబడి పెరుగుద్దా?" అని. పెద్దలు చెప్పిందల్లా వేదం అని నేనూ అనను. ఒకే మాట ముగ్గురిని అడగండి. ముగ్గురూ ఒకటే చెప్తే ఒక గుంటలో వేసి చూడండి. పంటే చెప్తుంది నిజమేదో.

అడగడంలోనూ పద్ధతి ఉంది. "అప్పట్లో వ్యవసాయం ఎలా ఉండేది?" అంటే "బాగుండేది బిడ్డా" అని ఊరుకుంటారు. "కరువొచ్చినప్పుడు ఏం తిన్నారు? తుమ్మికూర, గునుగు కూర ఎక్కడ కోసేవాళ్లు? విత్తనం ఎవరింట్లో అప్పు తెచ్చేవాళ్లు, ఎంత తిరిగిచ్చేవాళ్లు?" అని అడగండి. కుర్చీలో కాదు, చేను గట్టు మీద అడగండి. చెట్టు కనిపిస్తే మాట దానంతటదే వస్తుంది. ఆడవాళ్లను తప్పకుండా అడగండి, విత్తనం దాచింది ఎక్కువగా వాళ్లే. కూలికి పోయినవాళ్లనూ అడగండి. పట్టాదారు మరిచిపోయింది వాళ్లకు గుర్తుంటుంది.

ఇంకో మాట. తీసేముందు వాళ్ల అనుమతి తీసుకోండి. తీశాక వాళ్లకే ముందు చూపించండి. నాటు మందుల సంగతి బయటపెట్టొద్దంటే పెట్టకండి. అది వాళ్ల ఆస్తి.

ఈ యాసంగి కోతల్లోపు ఒక్కొక్కరం ఒక్క పెద్ద మనిషి దగ్గరైనా గంటసేపు కూర్చుందాం. ఫోన్ ఎలాగూ జేబులోనే ఉంది.