వెండితెర, వెండి కార్డు

ఈ వారం నా జేబులో ఉన్న ఒక కార్డు సంగతి చెప్తాను. సినిమా పత్రికలో కార్డు గొడవేమిటని పేజీ తిప్పేయకండి. తిరిగి తిరిగి మళ్లీ సినిమా దగ్గరికే వస్తాం.

ఆ కార్డు ఒక విమాన కంపెనీ ఇచ్చింది. ఏడాదిలో మా విమానం ఇన్నిసార్లు ఎక్కావు గనుక నువ్వు మాకు కావలసినవాడివి అని దాని భావం. రంగు వెండి. దాని మీద బంగారం, ఆ మీద ప్లాటినం ఉన్నాయి. అంటే మనది మొదటి మెట్టు. సినిమా హాలు భాషలో చెప్పాలంటే నేల టిక్కెట్టు వాణ్ణి బెంచీలోకి జరిపారన్నమాట. బాల్కనీ ఇంకా చాలా దూరం!

"కరీంనగరోనికి ఇమానం కార్డేందిరా తమ్మీ?" అని మా అక్క ఒకటే నవ్వు. ఆమె నవ్వులో న్యాయం ఉంది. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో టిక్కెట్టు కొని విమానం ఎక్కే చోటే లేదు. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర రన్‌వే ఉంది. 1980లలో వాయుదూత్ వాళ్ల చిన్న విమానాలు అక్కడికి వచ్చిపోయేవి. ఆ ముచ్చట ఎన్నడో ముగిసింది. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాని పేరు వినిపిస్తుంది, విమానం చప్పుడు మాత్రం వినిపించదు.

కాబట్టి మనం విమానం ఎక్కాలంటే ముందు బస్సెక్కాలి. రాజీవ్ రహదారి మీద 160 కిలోమీటర్లు పోయి, జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి ఊరి ఆ చివరన ఉన్న శంషాబాద్ చేరాలి. ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ 300 కిలోమీటర్లు. అందుకే కొందరు ఇటు రాకుండా నాగపూర్‌కే పోతారు. ఇంత తిప్పలు పడేవాడి జేబులో వెండి కార్డు!

అదెలా వచ్చిందంటే, పాన్ ఇండియా సినిమాల పుణ్యం. వెనక ఒక తెలుగు సినిమాకు హైదరాబాద్‌లో ఒక సభ పెడితే సరిపోయేది. ఇప్పుడు ముంబై, చెన్నై, బెంగళూరు, కొచ్చి అన్నీ తిరగాలి. హీరోగారి వెనక విలేకరుల గుంపూ తిరగాలి. పోయిన ఏడాది ఆ గుంపులో నేనూ ఉన్నాను. టిక్కెట్టు నిర్మాతది, పాయింట్లు నావి! మొదటిసారి ముంబైలో కౌంటరు ముందు పెద్ద వరస వదిలి, ఎర్ర పట్టీ కట్టిన చిన్న వరసలో నిలబడ్డప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. అబద్ధం ఎందుకు? వెనక్కి తిరిగి పెద్ద వరస వైపు ఒకసారి చూశాను కూడా.

మొన్న డిసెంబరు మొదటి వారంలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. "మీ వెండి హోదా 31తో ముగుస్తుంది. నిలుపుకోవడానికి మరో రెండు ప్రయాణాలు చాలు" అని. రెండే రెండు! ఈ ఏడాది పిలుపులు తగ్గాయి. పోయిన ఏడాది లెక్క ఈ ఏడాదికి పనికిరాదు. మన హీరోల సంగతీ ఇంతే కదా! పోయిన సినిమా వంద రోజులు ఆడినా, వచ్చే శుక్రవారం మళ్లీ మొదటి ఆటనుంచి లెక్క మొదలు.

"ముంబైకి పొద్దున పోయి రాత్రికి వస్త" అన్నాను అక్కతో.

"ఆడ ఏం పని?"

"పనేం లేదు. దిగి మళ్ల ఎక్కుడే."

"అంటే బస్టాండుకు పోయి, చాయ్ తాగి, ఇంటికొచ్చినట్టా? దానికి పైసలు గూడ కడ్తవా?"

మీరూ నవ్వండి. కానీ లోకంలో ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. దీనికి మైలేజ్ రన్ అని పేరు కూడా ఉంది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు లెక్కగట్టి బహుమతులిచ్చే పథకం పెట్టింది. రోజుల తేడాతో యునైటెడ్ కంపెనీ కూడా మొదలుపెట్టింది. తర్వాత అందరూ అదే దారి. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు ఏం చేశాడనుకున్నారు? పుడ్డింగు కప్పుల మీద చీటీలు పంపితే విమాన మైళ్లిస్తామని ఒక కంపెనీ ప్రకటించింది. ఆయన సుమారు 3,140 డాలర్లు పెట్టి 12,000కు పైగా కప్పులు కొన్నాడు. పన్నెండు లక్షలకు పైగా మైళ్లు సంపాదించాడు. పుడ్డింగంతా దానమిచ్చేసి, తీసుకున్నవాళ్లతోనే చీటీలు ఊడదీయించాడు! ఆ సంగతినే 2002లో పాల్ థామస్ ఆండర్సన్ 'పంచ్ డ్రంక్ లవ్' సినిమాలో వాడుకున్నాడు.

2009లో వచ్చిన 'అప్ ఇన్ ది ఎయిర్' చూశారా? అందులో జార్జ్ క్లూనీకి ఇల్లు పట్టదు, చుట్టాలు పట్టరు. కోటి మైళ్లు పూర్తి చేయడమే జీవితాశయం. చివరికి ఆ కోటి పూర్తవుతుంది. పైలట్ వచ్చి పక్కన కూర్చుని అభినందిస్తాడు. ఇన్నేళ్లు ఆ క్షణం కోసం ఏం మాట్లాడాలో అనుకున్న మనిషికి అప్పుడు ఒక్క ముక్కా గుర్తు రాదు. ఆ సీను చూసి ఆనాడు నేను జాలిపడ్డాను. ఈనాడు కోటి కాదు, రెండు ప్రయాణాల కోసం కాగితం మీద లెక్కలు వేస్తున్నాను!

సరే, ఆ లెక్క చెప్తాను, మీకూ పనికొస్తుంది. ముంబైకి రానుపోను టిక్కెట్టు 9,400. కరీంనగర్‌నుంచి శంషాబాద్‌కు రానుపోను బస్సులు 1,300. విమానాశ్రయంలో తిండికి 500. మొత్తం 11,200 రూపాయలు.

ఇక పోయిన ఏడాది కార్డు నాకేమిచ్చింది? డబ్బు కట్టకుండా నచ్చిన సీటు నాలుగుసార్లు, సీటుకు 350 చొప్పున 1,400. చిన్న వరస తొమ్మిదిసార్లు, ఒక్కోసారి పది నిమిషాలనుకుంటే గంటన్నర. అదనపు సామాను కిలోలు సున్నా, ఎందుకంటే నాది భుజం సంచి. లాంజి వెండివాడికి లేదు, అది బంగారువాడికే. ఒకసారి నేను లాంజిలో ఇడ్లీ తిన్నమాట నిజమే గానీ, నన్ను లోపలికి పంపింది బ్యాంకు డెబిట్ కార్డు! వచ్చే ఏడాది నా అంతట నేను మూడుసార్లు ఎగిరితే గొప్ప.

నా కంపెనీ ఒక్కటే పిసినారి అనుకోకండి. లోకంలోకెల్లా పెద్ద విమాన కూటమి స్టార్ అలయెన్స్. మన ఎయిర్ ఇండియా 2014 జూలైలో అందులో చేరింది. ఆ కూటమి లెక్కలో బంగారువాడికి లాంజి, అదనపు సామాను ఉన్నాయి. వెండివాడికి? సీటు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసే జాబితాలో కాస్త ముందు చోటు. అంతే! అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. కార్డు బతికున్నా కంపెనీ బతకకపోవచ్చు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసింది.

కాబట్టి సూత్రం ఇది. మిగిలిన ప్రయాణాలు ఎలాగూ చేయాల్సినవే అయి, వచ్చే ఏడాది కూడా అదే కంపెనీలో తరచు పోయేది ఖాయమై, సామాను బరువు ఉండేవాడైతే వెండిని నిలుపుకోవచ్చు. హోదా కోసమే టిక్కెట్టు కొనేవాడైతే వదిలేయడమే మేలు.

లెక్క తేలింది, కథ కంచికి పోయింది అనుకుంటున్నారా? అక్కడే ఇంటర్వెల్ పడింది. ఒక ప్రొడక్షన్ మేనేజరు గారు ఫోన్ చేశారు. "చెన్నైలో సభ ఉంది సార్. రానుపోను టిక్కెట్టు మాది. నాలుగు మంచి ముక్కలు రాసి విడుదలకు ముందే పంపాలి." రానుపోను! సరిగ్గా రెండు ప్రయాణాలు! విమానం కూడా నా కార్డు కంపెనీదే. దేవుడే పంపినట్టు వచ్చింది పిలుపు. నోటి దాకా వచ్చిన "సరే"ని మింగి, రేపు చెప్తానన్నాను.

ఎందుకు మింగానో చెప్పాలంటే, నా సొరుగులో దసరానుంచి పడి ఉన్న ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. మంచిర్యాలనుంచి ఒక కుర్రవాడు రాశాడు. "అన్నా, నువ్వు రాసినవని నలుగురం పోయినం. టిక్కెట్లు, ఆటో, సమోసాలు కలిసి ఎనిమిది వందలైనయి. ఇంటర్వెల్ దాక కూసోలేకపోయినం. నువ్వు ఆ సినిమా నిజంగ చూసినవా?"

చూశాను తమ్మీ. మొదటి గంటలో నాలుగుసార్లు గడియారం చూసుకున్నాను. అయినా ఇంటికొచ్చి "కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం" అని రాశాను. ఆ కంపెనీవాళ్లు మరుసటి నెలలో కొచ్చికి పిలుస్తామన్నారు. కొచ్చి అంటే ఇంకో రెండు ప్రయాణాలు. నాకెవరూ కవరివ్వలేదు, నేనూ అడగలేదు. అందుకే నేను నిజాయితీపరుణ్ణని అనుకుంటూ వచ్చాను. కానీ నా వెండి కార్డుకు మీ ఎనిమిది వందలు కూడా ఖర్చయ్యాయి. నాకు నచ్చనిదాన్ని నచ్చిందని రాయడం తప్పు. ఆ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడం రెండో తప్పు.

మర్నాడు మేనేజరు గారికి ఫోన్ చేసి, సినిమా విడుదలయ్యాక టిక్కెట్టు కొనుక్కుని చూసి రాస్తానని చెప్పాను. "మీ ఇష్టం సార్" అన్నారాయన, చప్పగా. ఆయన తప్పేం లేదు, ఆయన పని ఆయన చేశారు.

ఇక రెండో సంగతి. హోదా లెక్క వేరు, ఖర్చు పెట్టుకునే పాయింట్ల లెక్క వేరు. హోదా 31తో పోతుంది. అది ఇంకొకరికి ఇచ్చేదీ కాదు. పాయింట్లు మాత్రం మిగిలాయి, వాటితో మనవాళ్లకు టిక్కెట్టు తీయొచ్చు. మా బావ దుబాయిలో ఉంటాడు. మూడేళ్లయింది ఇంటికి రాక. మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో ఇలాంటి బావలు గడప గడపకూ ఉన్నారు. చిత్రమేమిటంటే, ఒక్కో కిలోకూ తూకం చూసుకుని తాడుకట్టిన అట్టపెట్టెతో వచ్చేది వాళ్లు. అదనపు కిలోలు కావాల్సింది వాళ్లకే. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఎగిరేవాడికి మాత్రం ఏ కార్డూ రాదు!

నా పాయింట్లు దుబాయి నుంచి హైదరాబాద్‌కు ఒకవైపు టిక్కెట్టుకు సరిగ్గా సరిపోయాయి. పన్నులు నేను కట్టాను. అవీ నిర్మాతల డబ్బుతో వచ్చినవే కదా అంటారా? అవును. ఆ మాట బావకూ చెప్పాను. "పైసలెవ్వలియైతేంది, పిల్ల మొకం జూస్త గదా" అన్నాడు.

జనవరి రెండో వారంలో శంషాబాద్‌లో రెండు గంటలు నిలబడ్డాను. బావ తాడుకట్టిన పెట్టెతో, పెట్టెమీద పెద్ద అక్షరాల పేరుతో బయటికి వచ్చాడు.

"నీ కార్డేదిరా బామ్మర్దీ? జల్ది తీసుకపోతదంటివి?"

"పోయింది బావా."

"పోతేపోనీ తియ్. గీ పెట్టె ఓ పక్క పట్టు, బస్సు పోతది."

ఇద్దరం పెట్టె మోసుకుంటూ బస్సు దగ్గరికి పరుగెత్తాం.

పాఠక మిత్రులారా, ఇకనుంచి ఈ శీర్షికలో ఒక మార్పు. నేను ఏ సభకైనా ఇతరుల ఖర్చు మీద పోతే, టిక్కెట్టు ఎవరిదో ఆ వ్యాసం కిందనే రాస్తాను. మంచిర్యాల తమ్ముడికి జవాబు వేరే రాశాను. మీలో ఇంకెవరినైనా నా మాట నష్టపెట్టి ఉంటే, ఏ సినిమాయో పేరుతో సహా రాయండి. వచ్చేవారం ఆ ఉత్తరాలతోనే కలుద్దాం.