పిల్లల వేసవి – తల్లుల బెంగ

సంక్రాంతి ముగ్గు వాకిట చెరగిపోకముందే అమెరికాలోనున్న మన ఆడపడుచులకు వేసవి చింత పట్టుకొనుచున్నది. మనకు వేసవి యనగా ఆవకాయ, తాటిముంజలు, అమ్మమ్మగారి యిల్లు. వారి కట్లు కాదు. అచ్చటి హైస్కూలు పిల్లలకు జూను మొదలు ఆగస్టు వరకు ఇంచుమించు పది వారముల సెలవు. ఆ పది వారములలో బిడ్డ యేమి చేయవలయునో డిసెంబరు మొదలు మార్చి లోపలనే నిశ్చయించుకొని దరఖాస్తులు పంపవలయును. ఈ నెల మాకు వచ్చిన జాబులలో మూడు ఈ సంగతిని గూర్చినవే. అందు న్యూజెర్సీనుండి వచ్చిన యొక జాబు చదివిన పిదప, తక్కిన విషయములను వచ్చు మాసమునకు ద్రోసి దీనినే చర్చింపవలెనని తోచినది.

ఆ సోదరి వ్రాసిన దాని సారాంశమిది. ఆమె కుమార్తె పదవ తరగతి చదువుచున్నది. (అచ్చట హైస్కూలు తొమ్మిది మొదలు పండ్రెండు వరకు నాలుగేండ్లు. మన యింటర్మీడియెటు అందులోనే కలిసియుండును. కావున ఆ పిల్లకు ఇంకను రెండేండ్ల చదువున్నది.) పేరుగాంచిన యొక విశ్వవిద్యాలయపు ఆవరణలో మూడు వారములు జరుగు వేసవి తరగతులకు ఆమె "ఎంపికైనది" అని అందమైన జాబు వచ్చినది. రుసుము ఎనిమిదివేల డాలర్లు. భర్తగారు హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయుచున్నారు. ఆ యుద్యోగము పోయినచో ఆ దేశమున నిలుచుటకు అరువది దినములే గడువు. కావున చేతనున్న రొక్కమును కదపుటకు ఆమెకు ధైర్యము చాలుట లేదు. "మా స్నేహితుల పిల్లలందరును ఎక్కడికో యొక్కడికి పోవుచున్నారు. ఒక్కతే కూతురు. పంపకున్న వెనుకబడిపోవునేమో! అదియేమో, అమ్మమ్మ తణుకునుండి వచ్చుచున్నది, నేనెక్కడికిని పోను, లైబ్రరీలో చిన్నపిల్లలకు కథలు చదివెదను అనుచున్నది. మాకేమియు తోచుట లేదు" అని ముగించినది.

ఈ విషయమున సలహా చెప్పుటకు మాకుగల యర్హత యొక్కటే: ఒకప్పుడు తప్పు సలహా చెప్పియుంటిమి.

2018వ సంవత్సరపు వేసవిలో మేము డల్లాసు నగరము చెంతనున్న మా చెల్లెలి యింట నుంటిమి. దానికంటె ముందే, ఫిబ్రవరిలో, దాని కొడుకునకు ఇట్టి జాబే వచ్చినది. దానిని మాకు ఫోనులో చదివి వినిపించిరి. "ఎంపిక", "ప్రతిభ" అను మాటలు వినగానే మాకును గర్వము కలిగి, "అప్పు చేసియైనను పంపుడు" అని చెప్పితిమి. పిల్లవాడు జూలై నెలంతయు పోయివచ్చెను. వచ్చునపుడు విశ్వవిద్యాలయపు పేరు గల చొక్కాయొకటి, ఒక ధ్రువపత్రము, గట్టి జలుబు తెచ్చెను. తరువాత విచారింపగా, ఆ తరగతులు నడిపినవారు విశ్వవిద్యాలయమువారే కారట! వేసవిలో ఖాళీగానుండు వసతిగృహములను అద్దెకు దీసికొని వ్యాపారము చేయు కంపెనీ యట. రుసుము చెల్లింపగలవారిలో ఎంపిక కానివా రెవరైన నున్నారో లేదో మాకు నేటికిని తెలియదు.

ఆ వేసవిలోనే మా చెల్లెలి మామగారు తెనాలినుండి వచ్చి పెరటిలో గోంగూరయు ఆనపపాదును పెట్టిరి. మనుమడు తిరిగివచ్చునప్పటికి పాదు పందిరి నంటినది. ఆగస్టులో తాతయు మనుమడును నీటిగొట్టము దగ్గర రోజును జగడమాడుచుండిరి. ఎన్ని నీళ్లు పోయవలెనను విషయమున వారికి ఒక్కనాడును పొత్తు కుదరలేదు. మరుసటి యేడు కాలేజీ దరఖాస్తునకు వ్యాసము వ్రాయవలసివచ్చినపుడు, ఆ బాలుడు మూడు వారముల తరగతులను గూర్చి ఒక్క ముక్క వ్రాయలేదు. ఆనపపాదును గూర్చి వ్రాసెను. వాని రాష్ట్రపు విశ్వవిద్యాలయములో చోటు దొరకినది. అది ఆ వ్యాసమువలననే దొరకినదని చెప్పుట బొంకగును, వాని మార్కులును మంచివే. కాని ఆ జూలై నెల తాతవద్ద గడపకపోతినే యని వాడిప్పటికిని అనుచుండును. ఆ పెద్దాయన మరల అమెరికా రాలేదు.

ఇక విషయమునకు వత్తము. వేసవి తరగతులన్నియు ఒక్క తెగవి కావు. కొన్ని నిజముగా గొప్పవి, కష్టసాధ్యములు. 1984లో నారంభమై మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున జరుగు రిసెర్చి సైన్సు ఇన్‌స్టిట్యూటు అట్టిది. ఏటేట తీసికొనునది ఇంచుమించు నూరుగురిని. చదువునకు గాని భోజనవసతులకు గాని రుసుము లేదు. టెల్యూరైడు సంఘమువారి వేసవి గోష్ఠులకును రుసుము లేదు. గణితమున నిజముగా మక్కువగల పిల్లలకు ఆర్నాల్డు రాసు అను పండితుడు 1957లో నెలకొల్పిన తరగతులున్నవి. బోస్టను విశ్వవిద్యాలయమున 1989నుండి నడచు ప్రామిసు అను తరగతులును ఆ త్రోవవే. ఈ గణిత తరగతులకు రుసుమున్నను, లేనివారికి సహాయము చేయుదురు. ప్రవేశమునకై పంపు లెక్కలను పిల్లలు వారములకొలది తలపట్టుకొని చేయవలసియుండును. కొన్ని రాష్ట్రములలో ప్రభుత్వపక్షమున గవర్నరు పేర నడచు వేసవి పాఠశాలలున్నవి. నార్తు కెరొలైనాలో 1963లో మొదలైనదే వానిలో మొదటిది.

రెండవ తెగ, మన సోదరికి జాబు వ్రాసినట్టిది. రెండు మూడు వారములకు ఐదువేలు మొదలు పదివేల డాలర్ల వరకు పుచ్చుకొందురు. ఇవి దొంగవని మే మనుట లేదు. పిల్లకు ఆ విషయముపై ఆసక్తి యుండి, ఇంటిలో సొమ్ము సులభముగా నున్నచో, సంతోషముగా పంపవచ్చును. ఇల్లు విడిచి యుండుట నేర్చుకొనును, క్రొత్త స్నేహితులు దొరకుదురు. కాని అచ్చట చదివినంతమాత్రమున ఆ విశ్వవిద్యాలయమున ప్రవేశము సులువగునను భ్రమ వలదు. అట్టి లాభము లేదని పెక్కు విశ్వవిద్యాలయములు తామే ప్రకటించుచున్నవి. పెద్ద పెద్ద యక్షరముల జాబును చదివినవారు ఆ చిన్న వాక్యమును కూడ వెదకి చదువవలయును. ఎందరిలో ఎందరిని తీసికొనుచున్నారు, ఖర్చు భరించువా రెవరు అను రెండు ప్రశ్నలు వేసినచో ఏ తరగతి యే తెగదో తెలిసిపోవును.

మన తల్లిదండ్రులే ఈ వలలో నేల చిక్కుచున్నారని మేము కొంత ఆలోచించితిమి. వీరిలో పెక్కుమంది ఎంసెటు రోజులలో పెరిగినవారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, దానితో కాలేజీ తేలిపోయెడిది. ఎంత కష్టమైనను లెక్క స్పష్టముగా నుండెడిది. అమెరికాలో అట్టి ర్యాంకు లేదు. నాలుగేండ్ల మార్కులు, తీసికొన్న పాఠములు ఎంత కఠినములు, గురువుల యభిప్రాయము, వ్యాసము, తక్కిన వ్యాపకములు, అన్నియు కలిపి ఎవరో చదివి నిర్ణయింతురు. ర్యాంకు కనబడనిచోట మన ప్రాణము ఊరకుండక, రుసుమునే ర్యాంకుగా నెంచుకొనుచున్నది. ఎక్కువ సొమ్ము కట్టితిమి గాన ఎక్కువ మేలు చేసితిమని తృప్తి. ప్రేమగల తల్లులకే ఈ పొరపాటు సులభముగా కలుగును.

ఆ దరఖాస్తు ఎట్లుండునో మన సోదరీమణులు ముందే యొకసారి చూచుట మంచిది. కామన్ అప్లికేషను అనునది 1975లో 15 కాలేజీలు కలిసి యేర్పరచుకొన్నది. నేడు వేయికి పైగా కాలేజీలు దానిని అంగీకరించుచున్నవి. ఏటేట ఆగస్టు 1వ తేదీన క్రొత్తది తెరతురు. అందు వ్యాపకములకు పది వరుసలే యుండును. ఒక్కొక్కదానిని వివరించుటకు 150 అక్షరములకు మించి చోటులేదు. ఎనిమిదివేల డాలర్లు వెచ్చించినను ఆ తరగతులకు దొరకునది ఆ పదింటిలో ఒక్క వరుస! వ్యాసము 650 మాటలకు మించరాదు. ఇంకొక సంగతి విని మన సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చును. వ్యాపకములు ఏ తరగతికి చెందినవో సూచించు పట్టికలో "కుటుంబ బాధ్యతలు" అని ప్రత్యేకముగా నొకటి కలదు. జీతమునకు చేసిన పని యనియు నొకటి కలదు. తమ్ముని బడికి దింపుట, మంచముపట్టిన తాతకు మందులిచ్చుట అచ్చట వ్రాయదగిన విషయములే. 2016లో హార్వర్డు విద్యాశాస్త్ర కళాశాలవారు ప్రకటించిన యొక నివేదికయందును, కుటుంబమునకు పిల్లలు చేయు సేవను కాలేజీలు గుర్తింపవలయునని గట్టిగా చెప్పియున్నారు.

కావున తణుకునుండి వచ్చు అమ్మమ్మ ఆ పిల్ల భవిష్యత్తునకు అడ్డు కాదు. అయితే పిల్లయు మాట నిలుపుకొనవలయును. లైబ్రరీలో కథలు చదివెదనని చెప్పి, పదకొండు గంటలకు లేచి ఫోను చూచుచు కూర్చుండిన తల్లికి కోపము వచ్చుట న్యాయమే. ఇప్పుడే పోయి లైబ్రరీవారిని కలిసి, వారమున కెన్ని దినములు, ఏ వయస్సు పిల్లలు, ఏ పుస్తకములు అని మాటాడుకొని రమ్మనుడు. అమ్మమ్మ కథలనే ఇంగ్లీషులో చెప్పి చూచునేమో! అట్లని దానికొక సంస్థ స్థాపించి పిల్లను అధ్యక్షురాలిని చేయకుడు. పదునైదేండ్ల అధ్యక్షులు, తల్లియు తండ్రియు తప్ప సభ్యులు లేని సంఘములు మేమచ్చట కొన్ని చూచితిమి. చూచి నవ్వాపుకొనలేకపోతిమి.

ఈ కుటుంబము విషయమున వీసా సంగతి వేరుగా చెప్పవలసియున్నది. ఆ బాలిక ఇండియాలో పుట్టి హెచ్-4 వీసాపై నున్నది. అమెరికాలో పదునాలుగేండ్లు నిండిన పిల్లలు అంగళ్లలో పనిచేసి జీతము తెచ్చుకొనుట సాధారణము. హెచ్-4 పిల్లల కట్టి యనుమతి లేదు. జీతములేని లైబ్రరీ సేవకు ఆటంకము లేదు. రుసుములేని గొప్ప తరగతులలో కొన్ని పౌరులకును గ్రీను కార్డుగలవారికిని మాత్రమే పరిమితములు. దరఖాస్తు వ్రాయుటకు మునుపే ఆ నియమము చూచుకొన్నచో పిల్లకు వృథా ఆశాభంగము తప్పును. హెచ్-4 విద్యార్థులకు కాలేజీ చదువునకు కేంద్రప్రభుత్వపు ధనసహాయము దొరకదు. స్వరాష్ట్రపు తక్కువ రుసుము వర్తించునో లేదో రాష్ట్రమును బట్టి మారును. ఇరువది యొకటవ యేట ఆ వీసాయే ముగిసి, చదువు మధ్యలో విద్యార్థి వీసాకు మారవలసివచ్చును. ఇన్ని ఖర్చులు ముందుండగా, ఇంట నుండవలసిన ఎనిమిదివేలను మూడు వారములకు ధారపోయుట మాకు సమ్మతము గాదు.

ఆ సొమ్మును అట్లే యుంచి, ఈ వేసవిలో ఒక సాయంకాలము భార్యాభర్తలు, కుమార్తె మువ్వురును కూర్చుండి కాలేజీ లెక్క చూచుకొనవలయును. పేరుగాంచిన ప్రైవేటు విశ్వవిద్యాలయములలో కొన్నింట చదువు, బస, భోజనము కలిపి ఏడాదికి తొంబదివేల డాలర్లు దాటినది. 2011 అక్టోబరునుండి ప్రతి కాలేజీయు తన వెబ్‌సైటులో ఒక లెక్కల పట్టికను ఉంచవలెనని చట్టము. మీ యాదాయము అందు నింపినచో సుమారుగా మీకు పడు ఖర్చు తెలియును. అయితే అది పౌరుల పిల్లల నుద్దేశించి చేసినది గాన, హెచ్-4 వారు కాలేజీకి వేరుగా వ్రాసి యడుగుట మేలు. పిల్లలయెదుట సొమ్ము మాట ఎత్తుట మనకు నామోషి. కాని పండ్రెండవ తరగతి నవంబరులో, పిల్ల మనసు ఒక కాలేజీపై నిలిచిపోయిన తరువాత "అంత యిచ్చుకొనలేము" అనుట ఎంత కఠినము!

అది మేము కల్పించి చెప్పుట లేదు. ముందుగా నిర్ణయము కోరు దరఖాస్తులలో ఒక విధమైనవానికి, చోటు దొరకినచో తప్పక చేరెదమను ఒప్పందము కలదు. గడువు చాలచోట్ల నవంబరు 1. ఆ కాగితముపై విద్యార్థి, పాఠశాల కౌన్సిలరు, తల్లిదండ్రులలో నొకరు సంతకము చేయవలెను. ధనసహాయము చాలని యెడల విడుదల కోరవచ్చునను మాట నిజమే. కాని విడుదలయైన పిల్ల ముఖము చూచినవారెవ్వరును దానిని తేలికగా తీసికొనరు. ముందే లెక్క చూచుకొనని తల్లిదండ్రులు ఆ సంతకము చేయకుందురుగాక.

ఈ మాటలన్నియు ఆ సోదరికి వేరుగాను వ్రాసితిమి. జాబునకు జవాబీయవలసిన గడువు ఫిబ్రవరి 15 అని ఆమె తెలిపినది. బయానా చెల్లించి తరువాత మానుకొన్న సొమ్ము తిరిగివచ్చునో రాదో ముందుగా కనుగొనుమని చెప్పితిమి. భర్తగారు మా మాటకు సమ్మతింపక పంపవలెననియే యున్నచో, తగవు పెంచుకొనక, ఈ పుటను ఆయన భోజనానంతరము బల్లపై నుంచవలసినదని కోరుచున్నాము. వర్జీనియానుండి వ్రాసిన సోదరి యడిగిన శాట్ పరీక్ష సంగతియు, తక్కిన జాబులకు సమాధానములును స్థలాభావముచేత వచ్చు సంచికలో నీయబడును.