మామగారు మడతపెట్టే చీరలు

శాలిబండ నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయవద్దన్నది, వేయను. ఉత్తరంలో ముఖ్యమైన సంగతులు ఇవి:

“మా మామగారికి డెబ్బైనాలుగేళ్ళు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో నలభైయేళ్ళు పనిచేశారు. రెండేళ్ళుగా మరుపు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి అల్జీమర్సు అని చెప్పి మాత్రలు రాసిచ్చాడు. పొద్దున లేచింది మొదలు ‘బిడ్డా, ఇయ్యాళ ఏం వారం?’ అని అడుగుతూంటారు. ఒకరోజు లెక్కపెట్టాను, మధ్యాహ్నానికి ముప్పైసార్లయింది. మావారు ఆఫీసునుంచి రాగానే ఆయన్ని ఎదురుగా కూర్చోపెట్టి ‘నేనెవర్ని? నా పేరేమిటి? పొద్దున ఏం తిన్నావు?’ అని పాఠం అప్పగించుకొంటారు. తప్పు చెబితే ‘సరిగ్గా ఆలోచించు’ అని మళ్ళీ అడుగుతారు. ఆయన ఏడుస్తారు. నేను వంటింట్లో వున్నప్పుడు బీరువా తెరిచి నా చీరలన్నీ మంచంమీద కుప్పపోసి మళ్ళీ మడతపెడుతూ కూర్చొంటారు. మొన్నోరోజు చాయ్ హోటలుకని పోయి దారి తప్పారు. అప్పట్నుంచీ గడప దాటనివ్వటం లేదు. ఈ ఇల్లు అమ్మి మియాపూరులో ఫ్లాటు కొందామని మావారి పట్టు. ఇంట్లో మేము చేయగలిగింది ఏమైనా వుందా, లేక చూస్తూ వూరుకోవటమేనా?”

ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చేయగలిగింది వుంది, బాగానే వుంది. అయితే పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే సాధన ఏదీ లేదు. బుద్ధికి పదును పెడతామనే లేహ్యాలవాళ్ళనూ, తెరమీది ఆటలవాళ్ళనూ దగ్గరికి రానివ్వకండి. ఆ ఆటలాడితే ఆ ఆట బాగా వస్తుంది, తాళంచెవి ఎక్కడ పెట్టారో మాత్రం గుర్తురాదు. చేయవలసిందల్లా, మిగిలివున్న శక్తిని పట్టుకొని రోజు గడిచేటట్లు చూడటం. డాక్టర్లు దీన్నే పునరావాస చికిత్స అంటున్నారు.

ఏం మిగిలివుంటుందని అడగవచ్చు. జ్ఞాపకం అంతా ఒకే పెట్టెలో వుండదమ్మా. 1911లో జెనీవాలో క్లపరేద్ అనే వైద్యుడు ఒక విచిత్రం రాశాడు. ఆయన రోగి ఒకావిడకు నిమిషం కిందటి సంగతి గుర్తుండేది కాదు. ఒకనాడు చేతిలో గుండుసూది దాచుకొని ఆవిడతో కరచాలనం చేశాడు. ఆ తరువాత మళ్ళీ చెయ్యి చాపితే ఆవిడ చెయ్యి వెనక్కు తీసుకొంది. ఎందుకంటే చెప్పలేదు, సూది సంగతే గుర్తులేదు. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అతనికి 1953లో మూర్ఛలు తగ్గటానికని మెదడుకు ఆపరేషను చేస్తే, కొత్త జ్ఞాపకం నిలవటం పోయింది. అతని చేత బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి చక్కగా కుదిరింది. ప్రతిరోజూ మాత్రం, “ఇది నేనెప్పుడూ చేయలేదే” అనేవాడు. మనసుకు తెలియకుండా చెయ్యి నేర్చుకొంది. అల్జీమర్సులో కూడా చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయి.

ఇప్పుడు మీ చీరల సంగతి చూడండి. నలభైయేళ్ళు గిరాకీల ముందు చీర పరిచి, మళ్ళీ కుచ్చు చెదరకుండా మడిచిన చేతులవి. మీకు అది అల్లరిగా కనిపిస్తోంది. నాకైతే ఆ ఇంట్లో ఆయనకు తప్పు పోకుండా వచ్చే పని అదొక్కటే కాబోలు అనిపిస్తోంది. బీరువాకు తాళం వేయండి, ఫరవాలేదు. కాని ఆరేసిన బట్టలన్నీ సాయంత్రం ఆయన ముందు పెట్టి, “మామయ్యా, ఇవి మడతపెట్టి ఇస్తారా? నాకు ఇంత బాగా రాదు” అనండి. మెచ్చుకోలు కోసం అబద్ధం ఆడనవసరం లేదు. మీకు నిజంగానే ఆయనంత బాగా రాదు కదా!

ఇక మీవారు చేసే పరీక్ష. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కష్టం కలిగించింది అదే. ప్రేమతోనే చేస్తున్నారు, సందేహం లేదు. తండ్రి తన పేరు మరిచిపోతాడేమోనని భయం. కాని మామూలువాళ్ళం మనం తప్పు చేస్తే, ఆ తప్పు గుర్తుండబట్టి మరోసారి దిద్దుకొంటాం. మరుపున్నవాడికి తప్పు చేసిన సంగతి గుర్తుండదు, నోటికి వచ్చిన తప్పు జవాబు మాత్రం అలవాటు కింద పడిపోతుంది. ఇంగ్లండులో బాడ్లీ, బార్బరా విల్సన్ 1994లో దీన్ని పరీక్షించి చూపించారు. ఊహించి చెప్పమని తొందరపెట్టకుండా, తప్పుకు అవకాశమే లేకుండా ముందే సరైన జవాబు అందిస్తే, మరుపువాళ్ళు బాగా నేర్చుకొన్నారు. అంచేత “నేనెవర్ని?” అని అడగటం మాని, “నాన్నా, నేను మీ పెద్దోణ్ణి, వచ్చిన” అని లోపలికి రావాలి. అంతే.

ఆ ఏడుపు సంగతి కూడా. 2014లో అమెరికాలో అయోవాలో అల్జీమర్సు రోగులకు విషాదమైన సినిమా ముక్కలు చూపించి, కాసేపయ్యాక అడిగితే, ఏం చూశారో చెప్పలేకపోయారు. దిగులు మాత్రం పోలేదు. మీవారు అడిగిన ప్రశ్న ఆయన పది నిమిషాల్లో మరిచిపోవచ్చు. ఆ చిన్నతనం రాత్రి అన్నం దాకా వుంటుంది.

ముప్పైసార్లు అడిగే ప్రశ్నకు ఒక ఉపాయం చెబుతాను. ఆయన మంచానికి ఎదురుగా, కళ్ళకు ఆనేచోట, ఒక పలక వేలాడదీయండి. రోజూ పొద్దున పెద్ద అక్షరాలతో వారమూ, తేదీ రాయండి. ఇప్పుడు నేర్పవలసింది వారం పేరు కాదు, అది రేపటికి మారిపోతుంది. నేర్పవలసింది, “వారం కావాలంటే పలక చూస్తాను” అన్న ఒక్క మాట. మీరే ముందు చెప్పండి: “వారం తెలియాలంటే పలక చూడాలి.” వెంటనే అడగండి: “వారం తెలియాలంటే ఏం చేస్తారు?” “పలక చూస్తా” అని లేచి చూడాలి. ఒక నిమిషం ఆగి మళ్ళీ అడగండి. తరువాత రెండు నిమిషాలు, నాలుగు, ఎనిమిది, పదిహేను. మధ్యలో వేరే మాటలు, బఠానీలు వొలవటం, ఏదైనా సరే. ఎక్కడైనా తడబడితే, “గుర్తు తెచ్చుకోండి” అనకండి. చప్పున మీరే చెప్పి, ఆయన చేత అనిపించి, అంతకుముందు నెగ్గిన వ్యవధికి వెనక్కు రండి. రోజుకు అరగంట చాలు. కొన్ని వారాలు పట్టవచ్చు. ఒకటి కుదిరాక రెండోది: మాత్రల డబ్బా ఎక్కడుందో, స్నానాలగది తలుపు ఏదో. ఒకేసారి నాలుగు పెట్టుకొంటే నాలుగూ పోతాయి.

ఇది వొట్టి గృహవైద్యం కాదు. ఇంగ్లండులో, వేల్సులో తొలిదశలో వున్న 475 మంది మీద లిండా క్లేర్ బృందం ఇటువంటి శిక్షణను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. రోగి, ఇంటివాళ్ళు కలిసి తమకు కావలసిన రెండు మూడు పనులు ఎంచుకొన్నారు. మూడు నెలల్లో పదిసార్లు ఇంటికి వచ్చి నేర్పారు. ఎంచుకొన్న పనులు మెరుగుపడ్డాయి. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు మాత్రం పెరగలేదు. మార్కుల కోసం ఆశపడితే నిరాశే. కాఫీ తనంతట తాను కలుపుకోవాలని ఆశపడితే నెరవేరవచ్చు.

హోటలు విషయం. ఆయన అక్కడ ఎవరితో కూర్చొనేవారో మీరు రాశారు: పాత దుకాణంవాళ్ళు, దక్కనీ ఉర్దూలో ముచ్చట్లు. హైదరాబాదు పేరు మరుపు శాస్త్రంలో లోకమంతా తెలిసింది ఈ రెండు భాషల ముచ్చట వల్లనే. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించింది: ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు మరుపు జబ్బులు మొత్తం మీద నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చాయని. చదువురానివాళ్ళలో కూడా తేడా కనిపించింది. అంటే అది బడి చదువు మహిమ కాదు. మిగతా దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు. వచ్చిన జబ్బుకు ఇది మందు అని కూడా ఎవరూ అనలేదు. నేనూ అనను. కాని ఆ ముచ్చట ఆయన మనసు ఇంకా కులాసాగా తిరిగే చోటు. దాన్ని మూసివేసి ఇంట్లో కూర్చోపెట్టి, “ఎందుకిలా అయిపోతున్నాడు?” అంటే ఏం లాభం?

ఒంటరిగా పంపమనటం లేదు. రోజూ అదే వేళకు, అదే దారిన, ఎవరో ఒకరు వెంట వెళ్ళాలి. మీ పిల్లవాడికి పదకొండేళ్ళు అన్నారు గనుక సెలవుల్లో వాణ్ణి కూడా పంపండి, పెద్దవాళ్ళు మరొకరు వుండగా. జేబులో చిరునామా, ఫోను నంబరు వున్న చీటీ కుట్టండి. హోటలు గల్లాపెట్టె దగ్గరి మనిషికి ఉన్న సంగతి చెప్పండి. ఈ గల్లీల్లో ఎవరి మామ ఎవరో అందరికీ తెలుసు, సిగ్గుపడవలసింది లేదు.

ఇల్లు అమ్మే మాటకు నేను అడ్డం చెప్పగలదాన్ని కాదు, డబ్బు ఇబ్బందులు మీకు తెలుసు. కాని ఆయనకు చీకట్లో స్నానాలగది తెలిసేది ఈ ఇంట్లోనే; కాళ్ళకు తెలుసు. ఏడో అంతస్తులో అన్నీ ఒకే రకం తలుపులు. కొత్త ఇల్లు ఆయన నేర్చుకోవలసింది సరిగ్గా ఆయనకు పోయిన శక్తితోనే. వాయిదా వేయగలిగితే వేయండి. తప్పకపోతే ఆయన మంచం, బీరువా, పలక ఇప్పుడున్న వరుసలోనే అక్కడ అమర్చండి.

ఇతర పాఠకులకు ఒక మాట: మరుపు కనిపించగానే అల్జీమర్సు అని మీరే తేల్చేయకండి. బి12 లోపం, థైరాయిడు, దిగులు జబ్బు, కొన్ని నిద్రమాత్రలు, కిందపడి తలకు తగిలిన దెబ్బ, వీటివల్ల వచ్చేదానికి చికిత్స వుంది. చెవులు కూడా చూపించండి.

సోదరీ, ఆరు పేజీల్లో మీ గురించి ఒకే వాక్యం రాశారు, రాత్రి నిద్ర లేదని. మీ ఆడబిడ్డ మలక్‌పేటలోనే వుందన్నారు. వారానికి రెండు పూటలు ఆమె వచ్చి కూర్చోవాలి; అడగటానికి మొహమాటపడితే ఈ పుట చింపి ఆమెకు ఇవ్వండి. పలక వేలాడదీసిన నెలరోజులకు మళ్ళీ రాయండి, ఎన్నిసార్లకు తగ్గిందో.