స్విచ్చి మీద నేరం మోపకండి



తెలుగు పండితుడికి కరెంటు పనితో ఏమి సంబంధమని మీలో కొందరికి నవ్వు రావచ్చును. నవ్వండి, అభ్యంతరం లేదు. ముప్పైనాలుగేళ్ళు బడిలో పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి పదవీవిరమణ చేసినవాడిని నేను. అయినా ఈ టపా వ్రాయక తప్పలేదు. చెడినదేదో తెలుసుకోకుండానే "మార్చి పారేయండి" అనే మహానుభావుల మీద నాకు చాలాకాలంగా కోపం ఉన్నది. పోయిన వేసవిలో వారి విద్య నా మనవడి ప్రాణం మీదికి వచ్చింది.

మా అబ్బాయి డల్లాసు శివారులో ఉంటాడు. సరదాపడి 1976 నాటి జి.ఎం.సి. మోటర్‌హోమ్ ఒకటి కొన్నాడు. నేను దానిని గృహశకటం అంటాను. కోడలికి ఆ మాట నచ్చింది, అబ్బాయికి నచ్చలేదు. 1973 నుండి 1978 దాకా మాత్రమే తయారైన బండి అది. ముందు చక్రాలు లాగే నడక, 455 ఘనపు అంగుళాల ఓల్డ్స్‌మొబైల్ ఇంజను, అల్యూమినియం అస్థిపంజరం. లోపల పొయ్యి, పడక, స్నానాల గది. అన్నీ ఉన్నాయి గాని పడక దగ్గరి దీపం వెలగదు, వంటగట్టు మీది ప్లగ్గు పాయింటులో కరెంటు లేదు.

ఇటువంటి బండిలో రెండు విద్యుత్తులు కాపురముంటాయి. దీపాలకు, నీళ్ళ పంపుకు బ్యాటరీ నుండి వచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ప్లగ్గు పాయింట్లకు బయటి నుండో, జనరేటరు నుండో వచ్చే 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఈ రెంటికీ మధ్య కన్వర్టరు అనే దుబాసీ ఉండి 120ని 12 చేస్తుంది. ఈ పాటి భేదం తెలియనివాడు ఆ బండి గోడలో చేయి పెట్టకూడదు. మా అబ్బాయి పిలిపించిన మరమ్మతుదారుడికి తెలియదని నేను అనలేను. తెలిసీ తీరిక లేనివాడు. వచ్చిన పావుగంటలో తీర్పు చెప్పేశాడు: బండి పాతది, స్విచ్చులన్నీ మార్చాలి, పాయింట్లన్నీ మార్చాలి, వీలైతే తీగలన్నీ లాగేయాలి.

అర్థం కాని పద్యం ఎదురుపడగానే లేఖకప్రమాదమని తేల్చి అక్షరం దిద్దేసే పరిష్కర్తలను మా గురువుగారు క్షమించేవారు కారు. తాళపత్రాలు నాలుగు పోల్చి చూడు, అన్వయం కుదురుతుందేమో చూడు, అప్పుడు గదా పాఠం చెడిందనాలి! ఈ మనిషీ ఆ జాతివాడే. పడక దీపం స్విచ్చి ఊడబెరికి కొత్తది బిగించాడు. దీపం వెలగలేదు. పైగా ఆ కొత్తది ఇళ్ళలో వాడే ఏకాంతర విద్యుత్తు స్విచ్చి. అటువంటి విద్యుత్తు సెకనుకు 120 మార్లు శూన్యాన్ని తాకుతుంది గనుక స్విచ్చి తీసినప్పుడు పుట్టే రవ్వ తనంతట తాను ఆరుతుంది. ఏకముఖ విద్యుత్తుకు ఆ శూన్యం లేదు. రవ్వ సాగుతుంది, ముఖాలు మాడుతాయి. చెడని వస్తువును తీసి, చెడిపోబోయే వస్తువును పెట్టినందుకు కూలి!

నేను చేసినది చాలా చిన్న పని. బల్బు తీసి హోల్డరులో మీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. "కరెంటు వస్తున్నది గదా నాన్నగారూ" అన్నాడు అబ్బాయి. ఈ అంకెల మీటర్ల మాయ ఇక్కడే. అవి లాగే విద్యుత్తు అత్యల్పం, కాబట్టి నూలుపోగంత సంబంధం మిగిలి ఉన్నా నిండు వోల్టేజి చూపిస్తాయి. బల్బు పెట్టి మళ్ళీ చూశాను. 3 వోల్టులు. మిగిలిన 9 ఎక్కడికి పోయాయి? స్విచ్చి రెండు కొసల మధ్య దాదాపు సున్న. అంటే స్విచ్చి నిర్దోషి. హోల్డరు ఋణపు కొసకూ బ్యాటరీ ఋణపు కొసకూ మధ్య పెడితే దొంగ దొరికాడు. అల్యూమినియం చట్రానికి ఇనుప మరతో బిగించిన తీగ అది. రెండు లోహాలు, నడుమ తేమ, దాదాపు యాభై ఏళ్ళు. మర చుట్టూ తెల్లని పొడి పేరుకున్నది. గరుకు కాగితంతో రుద్ది, మర మార్చి బిగించాను. పాత స్విచ్చే తిరిగి పెట్టాము. వెలిగింది.

వంటగట్టు పాయింటు సంగతి ఇంకా తేలిక. దానికి కరెంటు స్నానాల గదిలోని జి.ఎఫ్.సి.ఐ. పాయింటు గుండా వస్తుంది. పోయిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ లెక్క సరిపోక, సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడినా తెగిపోయే సాధనం అది. మన ఇళ్ళలో ఈమధ్య పెడుతున్న ఆర్.సి.సి.బి.కి దాయాది, అంతకంటె చురుకైనది. బండి వెలుపలి పాయింటులో వాన నీరు చేరి అది పడిపోయింది. ఆరబెట్టి బొత్తాము నొక్కడమే పని. ఈ ఒక్క బొత్తాము తెలియక మంచి పాయింట్లను చెత్తలో వేసినవారు ఎందరో!

మార్చడమే తప్పని నేనూ అనను. ఆ దేశపు గృహశకటాలలో చాలావాటికి వెనుక డబ్బా లేని పాయింట్లు ఉంటాయి. తీగను మర కింద బిగించరు, ఇత్తడి చీలికలో నొక్కి వదిలేస్తారు. దారి కుదుపులకు అది వదులై, వేడెక్కి, ప్లాస్టికు గోధుమరంగుకు తిరిగితే ఒక్క క్షణం ఉంచరాదు. నా కలహం అకారణంగా మార్చేవారితో. 15 ఆంపియర్లకు తగిన తీగ మీద ఫ్యూజు పదేపదే పోతున్నదని 30 ఆంపియర్లది బిగించేవారితో. 30 ఆంపియర్ల మూడు ముళ్ళ బండి పాయింటును చూసి, ఇంత లావున్నది గనుక 240 వోల్టులదే అయి ఉంటుందని ఊహించి తీగలు కలిపేవారితో. అది 120దే. ఆ ఊహకు బండిలోని సామాను మాడిపోతుంది. ఆంధ్రదేశం నుండి వెళ్ళిన నాబోటి పెద్దలకు ఇంకొక హెచ్చరిక: మన పాత ఇళ్ళలో నలుపు న్యూట్రల్. అక్కడ నలుపులోనే ప్రాణం తీసే కరెంటు, తెలుపు న్యూట్రల్. మన అలవాటును సామానుతోబాటు విమానమెక్కించకండి.

ఇక అసలు సంగతి. బండికి ఇంటి గరాజు నుండి తీగ వేసినప్పుడల్లా గరాజులోని జి.ఎఫ్.సి.ఐ. పడిపోయేది. మన మరమ్మతుదారుడు దానికీ మందు చెప్పాడు. ప్లగ్గుకున్న ఎర్తు ముల్లు కోసేశాడు. పడిపోవడం ఆగింది. "ఆ పాయింటు ఉత్త చాదస్తపుది, వచ్చే వారం తీసేసి మామూలుది పెడతాను" అని కూడా సెలవిచ్చాడు.

రెండు రోజుల తరువాత మా మనవడు పచ్చికకు నీళ్ళు పట్టిన చోట చెప్పులు లేకుండా నిలబడి బండి తలుపు పిడి పట్టుకున్నాడు. ఒక్క కేక వేసి వెనక్కి పడ్డాడు. పరుగున వెళ్ళాను. వాడి చేయి వణుకుతున్నది. గరాజులో ఆ చాదస్తపు పాయింటు తెగి ఉన్నది.

నీళ్ళు కాచే హీటరు కడ్డీ చిట్లి బండి ఒంటికి కరెంటు వదులుతున్నది. ఎర్తు ఉన్నంతకాలం ఆ కరెంటు ఎర్తు తీగ గుండా పోయేది. పోతున్నదని గరాజు పాయింటు అరిచి చెప్పేది. అరిచే నోటికి దారం కుట్టి రోగం నయమైందన్నాడు ఆ పెద్దమనిషి. రబ్బరు చక్రాల మీద నిలిచిన బండి ఆ కరెంటును ఒంటి నిండా పూసుకొని, తడి నేల మీద నిలబడి ఎవరు తాకుతారా అని కాచుకొని ఉన్నది. తాకినవాడికి ఆరేళ్ళు. చెప్పినట్టు వారం ఆగకుండా ఆ రోజే మామూలు పాయింటు పెట్టి ఉంటే? ఈ వాక్యం నేను పూర్తి చేయలేను.

కడ్డీ అని తేల్చడానికి మాకు పట్టినది అరగంట. బండిలోని బ్రేకర్లన్నీ దించి, మంచి ప్లగ్గు తగిలించి, ఒక్కొక్కటే ఎత్తుతూ వచ్చాము. హీటరుది ఎత్తగానే గరాజు పాయింటు పడింది. తీగ ఊడదీసి కడ్డీకీ దాని లోహపు తొడుగుకూ మధ్య మీటరు పెడితే సంబంధం కనబడింది. అక్కడ అసలు ఉండకూడనిది. కొత్త కడ్డీ వచ్చేదాకా ఆ బ్రేకరుకు ఎర్ర దారం కట్టి ఉంచాము.

ముల్లు కోసిన ప్లగ్గును అబ్బాయి చెత్తబుట్టలో వేయబోతే నేను వేయనీయలేదు. ఎవరైనా తీసి మళ్ళీ వాడతారేమోనని తీగను మొదలంటా కత్తిరించి, ప్లగ్గును సుత్తితో పగలగొట్టి, అప్పుడు వేశాను.