లైట్లు ఆర్పని పిల్లలు

“మీ పిల్లలకి రూమ్‌లోంచి వెళ్ళేటప్పుడు లైటు ఆర్పడం తెలీదు.” క్లౌడ్ బిల్లు గురించి మా ఆఫీసులో జరిగే ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అందరూ తలలూపుతారు. చాలా ఏళ్ళు నేనూ ఊపాను. కథల్లో, కవితల్లో ఉపమానం ఎక్కడ పొసగలేదో వెతికి పట్టుకునే అలవాటున్నవాణ్ణి, రోజూ వినే ఈ ఉపమానాన్ని మాత్రం పట్టించుకోలేదు. దానికి మూల్యం చెల్లించింది వేరే మనిషి.

మా టీమ్‌లో రెండేళ్ళ అనుభవం ఉన్న అమ్మాయి ఒకరు ఒక శుక్రవారం సాయంత్రం ఏడింటికి టెస్ట్ కోసం పెద్ద జీపీయూ మెషీన్ మొదలుపెట్టింది. గంటకి దాదాపు రెండున్నర వేల రూపాయలు. పని అవగానే మెషీన్ ఆగిపోవాలని స్క్రిప్టు చివరి లైనులో రాసింది కూడా. స్క్రిప్టు మధ్యలోనే ఎర్రర్ వచ్చి ఆగింది. చివరి లైను దాకా రానేలేదు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి చూసేసరికి 62 గంటలు, లక్షన్నర పైన. అలర్ట్ వెళ్ళింది, వెళ్ళలేదని కాదు. ఎవరూ చదవని ఒక గ్రూప్ మెయిల్‌కి వెళ్ళింది. “అన్నా, నాకు మెయిల్ రాలేదు” అని ఆ అమ్మాయి నాతో మూడుసార్లు అంది. మీటింగ్‌లో మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అక్కడ తెరమీద ఒక పట్టిక ఉంది. ఎవరి పేరు మీద ఎంత ఖర్చు అని. ఆమె పేరు పైన, ఎర్ర రంగులో.

ఆ పట్టిక తయారుచేసింది నేనే.

ఇప్పుడు ఉపమానం దగ్గరికి వద్దాం. ఇంట్లో వెలుగుతున్న లైటు కంటికి కనిపిస్తుంది. మీటరు గుమ్మం పక్కనే ఉంటుంది. క్లౌడ్‌లో మెషీన్‌కి స్విచ్ ఉంది, నిజమే. కానీ బిల్లుకి స్విచ్ లేదు. మీటరు కూడా ఆలస్యంగా తిరుగుతుంది. అమెజాన్ వాళ్ళ పత్రాల ప్రకారమే బడ్జెట్ సమాచారం రోజుకి గరిష్ఠంగా మూడుసార్లు మారుతుంది, సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల తేడాతో. బడ్జెట్ అలర్ట్ పెట్టినంత మాత్రాన వాడకం ఆగదని గూగుల్ క్లౌడ్ పత్రాలూ చెబుతాయి. అంటే మనం నియంత్రణ అని పిలుచుకుంటున్నది ఎక్కువగా వార్త మాత్రమే. అదీ నిన్నటి పేపరు.

ఆపడం సాంకేతికంగా కష్టమా? మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఉచిత క్రెడిట్‌తో నడిచే ఖాతాలకి ఖర్చు పరిమితి ఉంటుంది. క్రెడిట్ అయిపోతే సేవలు ఆగుతాయి. వాడినంతకి చెల్లించే మామూలు ఖాతాలకి ఆ పరిమితి ఉండదు. ఇచ్చిన డబ్బు వాళ్ళదైతే బ్రేకు ఉంది, మనదైతే లేదు. చిన్న డేటా ప్యాక్ అయిపోతే మన ఫోన్‌లో వీడియో ఆగిపోతుంది కదా, ఆ పాటి ఇంగితం ఇక్కడ ఎందుకు లేదని అడగాలి.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది, దాన్ని దాటేయకూడదు. బడ్జెట్ దాటగానే అన్నీ ఆపేస్తే ఒక ఆసుపత్రి యాప్ పండగ రోజున పడిపోవచ్చు. నిల్వ ఉన్న డేటాకి కూడా రోజూ ఖర్చవుతుంది కాబట్టి, బిల్లు పూర్తిగా ఆగాలంటే డేటా చెరిపేయాలి. నిజమే. కానీ మా అమ్మాయి నడిపింది ఆసుపత్రి కాదు, టెస్ట్. ఏది ఆగొచ్చో, ఏది ఆగకూడదో వాడుకునేవాళ్ళే ఎంచుకోనివ్వండి. అమెజాన్‌లో బడ్జెట్ దాటితే కొన్ని రకాల మెషీన్లని ఆపే ఏర్పాటు ఉంది. అది మనమే వెతికి పెట్టుకోవాలి, పెట్టుకున్నా అదే ఆలస్యపు లెక్క మీద పనిచేస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. ఆ తర్వాతి నెల నేను బిల్లుని మొదటిసారి లైను లైనుగా చదివాను. రెండేళ్ళ కింద ఏదో బగ్ కోసం వివరమైన లాగ్‌లు తెరిచి ఉన్నాయి. వాటికి గడువు పెట్టలేదు. అవి ప్రతి నెలా తింటున్నది ఆ వారాంతం ఖర్చు కంటే ఎక్కువ. తెరిచింది నేను. పట్టికలో నా పేరు లేదు, ఎందుకంటే నా పట్టిక మెషీన్ మొదలుపెట్టినవాళ్ళనే లెక్కపెడుతుంది. అవసరానికి మించిన డేటాబేస్ ఎంచుకున్న ఆర్కిటెక్ట్‌ని, జోన్ల మధ్య డేటా అటూ ఇటూ తిరిగేలా డిజైన్ చేసిన సీనియర్‌ని లెక్కపెట్టదు. పెద్దవాళ్ళ ఖర్చుకి ‘డిజైన్’ అని పేరు. చిన్నవాళ్ళ ఖర్చుకి ‘వృథా’ అని పేరు.

మీలో చాలామంది ఇదే పనిలో ఉంటారు. కాబట్టి సూటిగా చెప్తాను. టెస్ట్ ఖాతాలు విడిగా ఉండాలి. అందులో మెషీన్లు రాత్రి ఎనిమిదింటికి వాటంతటవే ఆగాలి, కావాలన్నవాళ్ళు పొడిగించుకోవాలి. పెద్ద మెషీన్లకి కోటా ఉండాలి. అలర్ట్ ఒక మనిషికి వెళ్ళాలి, గ్రూప్‌కి కాదు. ఇవన్నీ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ పట్టిక చేయడానికీ రెండు రోజులే పట్టింది. మొదట పట్టిక చేశాను, ఎందుకంటే పైవాళ్ళు అడిగింది అదే.

ఆ అమ్మాయి నాలుగు నెలలకి మానేసింది. కారణం అదేనని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. పట్టికలోంచి పేర్ల కాలమ్ తీసేశాను. మొన్న మీటింగ్‌లో మళ్ళీ ఎవరో లైట్ల మాట ఎత్తారు. “స్విచ్ ఎక్కడుందో ఆ పిల్లలకి చూపించామా సర్?” అని అడిగాను. ఎవరూ తలూపలేదు. తర్వాతి స్లయిడ్‌కి వెళ్ళిపోయారు.