శంషాబాద్ పేరులో ఎవరున్నారు?

ఫ్రెంచి విప్లవానికి కారణాలేమిటంటే మన పిల్లలు నిద్రలో లేపినా గడగడా చెప్పేస్తారు. మతగురువులకీ ప్రభువులకీ హక్కులన్నీ, మూడోవర్గానికి పన్నులన్నీ అని. మంచిదే. కానీ శంషాబాద్‌లో విమానం ఎక్కి దిగే మనలో ఎంతమందికి ఆ పేరు సంగతి తెలుసు?

శంస్-ఉల్-ఉమ్రా అన్నది నిజాం కొలువులో పాయెగా ప్రభువుల బిరుదు. ఊరికి ఆ పేరే వచ్చిందంటారు. నిజాం కోసం సైన్యాన్ని పోషించాలని వాళ్లకి ఊళ్లకి ఊళ్లే జాగీర్లుగా ఇచ్చారు. శిస్తు వాళ్లదే, కోర్టూ పోలీసూ కూడా వాళ్లవే. హైదరాబాదు రాజ్యంలో దాదాపు 30 శాతం భూమి ఇలా జాగీర్దార్ల చేతుల్లో ఉండేది. మరో 10 శాతం నిజాం సొంత ఖర్చులకి. పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా అందంగా లేదని నేననను. ఆ పాలరాతి మెట్ల ఖర్చు ఎవరి ధాన్యంలోంచి వచ్చిందో కూడా చెప్పుకుందాం అంటున్నానంతే.

ఫ్రాన్సు రైతు కూలి లేకుండా రోడ్లు వేశాడు. మన తెలంగాణ పల్లెల్లో దానిపేరు వెట్టి. ఇక్కడ చేయించుకున్నది జాగీర్దార్లే కాదు, దేశ్‌ముఖులూ, ఊరి దొరలూ. మగవాళ్ల వెట్టి గురించి ఎంతోకొంత రాశారు. మరి ఆడబాప సంగతి? దొరబిడ్డ అత్తారింటికి వెళ్తుంటే పట్టుచీరలు, వెండికంచాలతోపాటు ఒక పేదింటి పిల్లనీ అరణంగా పంపేవాళ్లు. ఆ పిల్లకి పెళ్లిలేదు. పగలు అమ్మగారి చాకిరీ, రాత్రి అయ్యగారి ఇష్టం. పిల్లలు పుడితే వాళ్లకి తండ్రి పేరుండదు, గడిలో పని మాత్రం ఉంటుంది.

1789 ఆగస్టులో ఫ్రాన్సు తన ప్రభువుల హక్కుల్ని రద్దుచేసింది. మన జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టులో. సరిగ్గా 160 ఏళ్లు! ఈలోగా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలంలో పండిన గింజలు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకి దక్కనివ్వలేదు. రొట్టె కోసం వెర్సాయ్‌దాకా నడిచిన పారిస్ ఆడవాళ్లకి ఆవిడ ఏం తక్కువ?

ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు, "ఆ రోజుల్లో పనివాళ్లు ఎంత విశ్వాసంగా పడుండేవాళ్లో!" అని నిట్టూరుస్తారు. విశ్వాసమా, పాడా? వెళ్లడానికి ఇంకో చోటుంటే కదా!

ఈసారి మీ పిల్లలకి ఫ్రెంచి విప్లవం పాఠం వచ్చినప్పుడు, ఆడబాప అంటే ఎవరో వాళ్ల అమ్మమ్మనో నాయనమ్మనో అడగమనండి. ఆవిడ చెప్పకుండా మాట మారిస్తే, ఎందుకు మార్చిందో మీరడగండి.