సవరభాషయు, మన ధర్మమును

ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రుల పేరు కన్పట్టుచున్నదని మనవారు సభలలో సగర్వముగ చెప్పుకొందురు. కాని ఆ వాక్యమునందే శబరులు, పుండ్రులు, పుళిందులు, మూతిబులు కూడ పేర్కొనబడిరని చెప్పువారు అరుదు. ఆ కథలో వీరెల్లరు విశ్వామిత్రుని సంతతివారే. నాటి శబరుల వంశీయులే నేటి సవరలని పలువురు పండితుల యభిప్రాయము. ఒక్క పంక్తిని పుట్టిన సోదరులలో ఒకరి భాష రాజ్యభాషయై వెలుగుచుండ, వేరొకరి భాష కొండల నడుమ కృశించుచుండుట మనకు శోభ యగునా?

శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాల కొండలలోను, ఎల్లకు ఆవల ఒడిషాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను సవరలు నివసించుచున్నారు. 2011 జనాభా లెక్కలలో సవరను మాతృభాషగా వ్రాయించుకొన్నవారు దేశమున సుమారు 4 లక్షలు. కావున ఈ భాష రేపే అంతరించునని మేము చెప్పము. కాని సంతలో తెలుగు, కచేరీలో తెలుగు, ఆసుపత్రిలో తెలుగు, బడిలో తెలుగు. మైదానములకు దిగిన సవరలలో అనేకులు ఇప్పటికే ఇంటిలోను తెలుగే మాటాడుచున్నారు. భాష ఒక్కనాడు చావదు. తల్లి తన బిడ్డతో ఆ భాష మాటాడుట మానిననాడు దాని మరణము ఆరంభమగును.

సవర తెలుగునకు యాస కాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. సంతాలీ, ముండారీ భాషలకు చుట్టము. దాని గణనపద్ధతియే వేరు. మనము పదులతో లెక్కింతుము. సవరలు సంప్రదాయముగ పండ్రెండులతోను, ఇరువదులతోను లెక్కింతురు. మనము ముప్పదిమూడనునది వారికి ఇరువది, పండ్రెండు, ఒకటి. ఈ లెక్క నేర్చి వచ్చిన బాలుని, దానినెరుగని ఉపాధ్యాయుడు మందమతి యనినచో, ఆ మాంద్యము ఎవరిది?

ఈ ప్రశ్నను మనలో ముందుగ గ్రహించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, సవర బాలురకు సొంత ఖర్చుతో బడులు పెట్టించి, ఆ భాషలోనే పుస్తకములు వ్రాసిరి. 1931లో వారి సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. వారి జన్మదినమగు ఆగష్టు 29ని మనము తెలుగు భాషాదినముగ జరుపుకొనుచున్నాము. ఆనాడు సవర మాట యెత్తువారు ఎందరు? సవరను ప్రేమించుట తెలుగునకు ద్రోహమని శంకించువారు ఒక్క విషయము స్మరింతురు గాక. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, సహింపలేక ఇల్లు విడిచి రాజమహేంద్రవరము చేరినవారు ఆ పంతులుగారే.

తెలుగు రానిచో సవర బాలునకు ఉద్యోగమెట్లు లభించునని కొందరు ఆక్షేపింతురు. తెలుగు వలదని మేమనుట లేదు. సవరలును అనుట లేదు. తెలిసిన భాషలో అక్షరముల మర్మము గ్రహించిన బాలుడు రెండవ భాషను సులభముగ నేర్చును. ఇంగ్లీషులో చదువు చెప్పినచో మన బాలురు చిలుకపలుకులు నేర్తురని వాదించినవారము మనమే గదా! ఆ వాదము కొండ యెక్కగానే అబద్ధమగునా?

అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350ఏ అధికరణము శాసించుచున్నది. సవర వాచకములు అచ్చుపడినవి, సంతోషము. కాని వాచకము తనంత తాను పాఠము చెప్పదు. ఏజెన్సీ ప్రాంతపు ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యను 2000 నాటి ఉత్తర్వును 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. పదవుల పంపకము ఎట్లున్నను, బాలుని భాష తెలిసియుండుట ఉపాధ్యాయునకు ప్రథమ యోగ్యత కావలెనని మా దృఢాభిప్రాయము. సవర గ్రామములలో మొదటి తరగతి నుండి అయిదవ తరగతి వరకు సవర తెలిసిన ఉపాధ్యాయుని నియమించుట ప్రభుత్వమునకు అసాధ్యము కాదు.

1952లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసినది తెలుగువారు తమ రాష్ట్రమున తమ భాషలో తమ వ్యవహారములు నడుపుకొనుటకు. పెద్దభాషల నడుమ చిన్నబుచ్చబడుట యెట్టిదో మనమెరుగుదుము. ఆ బాధ నెరిగిన జాతియే పొరుగువానికి ఆ బాధ కలిగించినచో, మన పోరాటము న్యాయము కొరకు గాక కేవలము అధికారము కొరకే జరిగినదని లోకులందురు. ఆ నిందకు తావీయకుందుము గాక!